క్లెయిము తిరస్కరించారా? ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టకండి

సమాఖ్య వార్షికోత్సవ సభలో ఆరోగ్య సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం



పండుగలాంటి రోజు ఆసుపత్రి మాటలెందుకని ఒకరిద్దరు పెద్దలు అన్నారు. నిజమే. కానీ మనమంతా ఒకచోట చేరేది ఇలాంటి రోజే గదా. మామూలు రోజు మీటింగుకు రమ్మంటే పడుగు సగంలో ఉంది, షావుకారుకు చీర ఇయ్యాలి అంటారు. అందుకని భోజనాలకు ముందు ఈ ఇరవై నిమిషాలు మేము అడిగి తీసుకున్నాం.

విషయం ఒక్కటే. ఏడాదికి ఇరవై వేలు, ముప్పై వేలు ప్రీమియం కట్టి ఆరోగ్య బీమా తీసుకుంటాం. జబ్బు వస్తుంది. ఆసుపత్రిలో చేరతాం. నాలుగో రోజు ఇంగ్లీషులో రెండు పేరాల కాగితం వస్తుంది. మీ క్లెయిము ఇవ్వడం కుదరదు, విచారిస్తున్నాం అని. మన ఇళ్ళలో ఆ కాగితాన్ని ఏం చేస్తారంటే, చదువుకున్న పిల్లోడి చేత ఒకసారి చదివించి, మడిచి, బ్యాంకు పాస్‌బుక్కుల పెట్టెలో పెడతారు. పెద్ద కంపెనీ, పెద్ద లాయర్లు, మనతో ఏమవుతుంది అంటారు. మేము చెప్పేదేమంటే, అది జడ్జి రాసిన తీర్పు కాదు. డబ్బు ఇవ్వాల్సిన వాళ్ళు రాసిన జవాబు మాత్రమే. దానికి మన జవాబు ఉంటుంది. ఆ జవాబు వినడానికి ఇదే బెంగళూరులో, ఖర్చు లేకుండా, కనీసం మూడు చోట్లున్నాయి.

మన పెద్దల్లో కొందరికి పాత కార్డు గుర్తుండే ఉంటుంది. 2005లో కేంద్ర ప్రభుత్వం చేనేత వాళ్ళకని ప్రత్యేకంగా ఆరోగ్య బీమా పెట్టింది. నేతగాడు, భార్య, ఇద్దరు పిల్లలు, నలుగురికీ కలిపి ఏడాదికి 15,000 రూపాయలు. ఇందులో 7,500 దాకా బయటి చికిత్సకు. ఇవాళ ఆ డబ్బుకు బెంగళూరులో ఒక్క రాత్రి ఐసీయూ కూడా దాటదు. ఆ పథకం పోయింది, రాష్ట్రీయ స్వాస్థ్య బీమా వచ్చింది, అదీ పోయి 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. ఈ మధ్యలో బీమా కంపెనీల పాలసీలు మన వీధుల్లోకి వచ్చేశాయి. అమ్మేవాడు కూడా మన వాడే, అత్త కొడుకో, అల్లుడి తమ్ముడో.

అందుకని మా దగ్గరికి ఎవరు వచ్చినా మేము అడిగే మొదటి ప్రశ్న, జబ్బు ఏమిటని కాదు. కార్డు ఎవరిది అని. ఇది తేలకుండా గొడవకు దిగితే తప్పు తలుపు తడతాం. ఆరోగ్య కర్ణాటక కార్డయితే అక్కడ బీమా కంపెనీ లేదు, ప్రభుత్వ ట్రస్టు డబ్బు కడుతుంది. పేద రేషన్ కార్డుకు 5 లక్షల దాకా ఉంటుంది. కానీ అత్యవసరం కాని పెద్ద చికిత్సకు ముందు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రెఫరల్ చీటీ కావాలి. మన వాళ్ళు నేరుగా పెద్ద ఆసుపత్రికి పోతారు, వాళ్ళు కాదంటారు, పథకం దొంగదని మనం తిట్టుకుంటాం. ఆంధ్ర రేషన్ కార్డు ఇక్కడి పథకానికి పనికిరాదు, అదీ గుర్తుంచుకోండి. అర్హత ఉన్నా ఆసుపత్రి డబ్బు అడిగితే అక్కడుండే ఆరోగ్యమిత్రను పట్టుకోండి, 14555కు ఫోన్ చేయండి. సహకార సంఘంలో సభ్యులై యశస్విని కట్టిన వాళ్ళది ఇంకో దారి. గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోతున్న మన ఆడపిల్లలకు ఈఎస్ఐ ఉంటుంది. జీతం 21,000 లోపు ఉన్న వాళ్ళకు వర్తిస్తుంది. వాళ్ళ మీద ఆధారపడిన తల్లిదండ్రులు కూడా అందులోకి వస్తారని చాలామందికి తెలియనే తెలియదు. ఈఎస్ఐ తగాదాలకు ప్రత్యేకంగా ఈఎస్ఐ కోర్టు ఉంది. ఇక్కడినుంచి మేము మాట్లాడేదంతా ప్రీమియం కట్టి కంపెనీ దగ్గర కొన్న పాలసీల గురించి.

ఒక కుటుంబం సంగతి చెబుతాం. వాళ్ళ అనుమతితోనే. పేర్లు చెప్పం, కంపెనీ పేరు, ఆసుపత్రి పేరు కూడా చెప్పం.

దొడ్డబళ్ళాపురంలో ఇంట్లోనే రెండు పవర్‌లూమ్ మగ్గాలు నడుపుకునే వాళ్ళు. 2020 ఆగస్టులో కుటుంబం మొత్తానికి 5 లక్షల పాలసీ తీసుకున్నారు. కరోనా భయంతో తీసుకున్నారు, కానీ ఒక్క ఏడాది కూడా తప్పకుండా రెన్యూవల్ చేశారు. 2024 అక్టోబరులో ఇంటావిడకు గుండె నొప్పి. బెంగళూరు తీసుకొచ్చారు. రెండు స్టెంట్లు వేశారు. బిల్లు 3 లక్షల 80 వేలు. క్యాష్‌లెస్ కాదన్నారు. కొద్ది వారాలకు క్లెయిము కూడా తిరస్కరించారు. కారణం ఒక్క లైను: పదేళ్ళుగా రక్తపోటు ఉంది, పాలసీ తీసుకునేటప్పుడు దాచారు.

డబ్బు ఎట్లా కట్టారు? సగం నగలు కుదువ పెట్టి. మిగతా సగం చీరల షావుకారు దగ్గర తెచ్చి. ఈ రెండోది ఎంత బరువో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఆ బాకీ ఉన్నంత కాలం ఆయన చెప్పిందే కూలి, ఆయన ఇచ్చిందే నూలు. వేరే వాళ్ళకు నేస్తామంటే కుదరదు. ఆసుపత్రి బిల్లు మన ఇంట్లో బిల్లుగా ఆగదు, మగ్గం మీదికి వస్తుంది.

మేము ఆ ఇంటికి పోయి, ముందు అడిగింది రక్తపోటు ఎప్పుడు మొదలైందని. ఆమె చెప్పింది, 2022లో తల తిరిగి పడిపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసి మాత్రలు ఇచ్చినారు, అంతకుముందు ఎప్పుడూ చూపించుకోలేదని. మరి పదేళ్ళు ఎక్కడి నుంచి వచ్చింది? ఆసుపత్రి నుంచి కేస్ షీటు నకలు తీసుకుని చూశాం. చేరిన రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరు రాసుకున్న చరిత్ర. చెప్పింది అల్లుడు. ఆ రాత్రి ఆయన కన్నడం, హిందీ, మన తెలుగు కలిపి ఏదో చెప్పాడు. పది సంవత్సరాలుగా మా అత్తకు ఒంట్లో బాగలేదు, కీళ్ళ నొప్పులు, బీపీ అన్నీ ఉన్నాయి అన్నాడట. డాక్టరు రాసింది: రక్తపోటు, పదేళ్ళుగా.

పడుగులో ఒక్క పోగు తప్పితే చీర పొడుగునా గీత పడుతుంది గదా, అట్లా ఆ ఒక్క మాట కేస్ షీటులోంచి డిశ్చార్జి సమ్మరీలోకి, అక్కడి నుంచి తిరస్కరణ కాగితంలోకి పోయింది. మా దగ్గరికి వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే. జబ్బు కాదు, జబ్బు గురించి కంగారులో చెప్పిన మాట. కాబట్టి ఎవరైనా ఆసుపత్రిలో చేరితే, వివరాలు చెప్పడానికి రోగి గురించి తెలిసిన ఒక్కరే ముందు నిలబడండి. తెలిసింది తెలిసినట్టు చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. ‘చాలా ఏళ్ళుగా’ అనే మాట వాడకండి. మనకు అది ఊరికే అనే మాట, వాళ్ళకు అది తేదీ. అబద్ధం చెప్పమని మేము అనడం లేదు, ఆ తేడా గమనించండి. ఇంటికి వచ్చేముందు డిశ్చార్జి సమ్మరీ చదివించుకోండి. తప్పు ఉంటే బిల్లు కౌంటరు దగ్గరే నిలబడి దిద్దమని అడగండి. ఒకసారి గేటు దాటి వచ్చాక అదే సంతకం కోసం నాలుగుసార్లు తిరగాలి.

ఈ కుటుంబం తిరిగింది. 2022 నాటి ఓపీ చీటీ ఇంట్లో క్యాలెండరు వెనక దొరికింది. మందుల షాపు బిల్లులు కొన్ని దొరికాయి, అన్నీ 2022 తర్వాతవే. చికిత్స చేసిన గుండె డాక్టరు దగ్గరికి ఇవన్నీ పట్టుకుపోతే, ఆయన మంచి మనిషి, ఒక కాగితం రాసిచ్చాడు. పదేళ్ళు అన్నది వెంట వచ్చిన వాళ్ళు నోటిమాటగా చెప్పింది, దానికి ఆధారంగా పాత వైద్య రికార్డు ఏదీ మేము చూడలేదు అని. ఆ ఒక్క కాగితం కేసు నిలబెట్టింది. దాచారు అని ఆరోపించేవాడే దాన్ని రుజువు చేయాలి. కంపెనీ దగ్గర 2020కి ముందుది ఒక్క ప్రిస్క్రిప్షను లేదు.

ముందు కంపెనీలోనే ఫిర్యాదుల అధికారికి రాశాం. అచ్చం పాత జవాబే మళ్ళీ పంపారు, తేదీ మాత్రం మార్చారు. తర్వాత బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోయాం. ఏప్రిల్‌లో విచారణ జరిగింది. వీడియోలో. ఆమె మగ్గాల గదిలోనే స్టూలు వేసుకుని కూర్చుని మాట్లాడింది. మగ్గాలు ఆపమని మేమే చెప్పాం, లేకపోతే ఏమీ వినపడదు. 2025 జూన్‌లో చేతి తొడుగులు, రిజిస్ట్రేషను లాంటివి పోను 3 లక్షల 52 వేలు బ్యాంకులో పడ్డాయి. లాయరు లేడు. ఫీజు లేదు. ఖర్చంతా జిరాక్సులకు, బస్సులకు.

ఇప్పుడు చట్టం మాట. భయపడకండి, మూడు నాలుగు అంకెలే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధనలు మార్చింది. పాలసీకి ముందే ఉన్న జబ్బు అని చెప్పి ఆపగలిగేది గరిష్ఠంగా 36 నెలలు. ముందే ఉన్న జబ్బు అంటే ఎప్పుడో చిన్నప్పటిది కాదు, పాలసీ మొదలైన తేదీకి వెనక 36 నెలల లోపల డాక్టరు గుర్తించిందో, వైద్యం చేసిందో అయి ఉండాలి. ఇంకా ముఖ్యమైంది 60 నెలల గడువు. పాలసీ విడవకుండా ఐదేళ్ళు నడిస్తే, ఆ తర్వాత చెప్పలేదు, దాచారు అని క్లెయిము కాదనడానికి వీల్లేదు. మోసం అని రుజువు చేస్తే తప్ప. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్ళు ఉండేది. ఒక మెలిక ఉంది: మధ్యలో బీమా మొత్తం పెంచితే, పెంచిన భాగానికి లెక్క పెంచిన రోజు నుంచి మొదలవుతుంది. ఏడాది ప్రీమియానికి గడువు దాటాక 30 రోజులు సమయం ఇస్తారు. ఆషాఢంలో అమ్మకాలు లేవు, శ్రావణంలో కడదాం అనుకుంటే నాలుగేళ్ళ లెక్క ఒక్క నెలలో పోతుంది. ఏది బాకీ పెట్టినా ఇది పెట్టకండి.

2024 మే నెల సర్క్యులరులో ఇంకో రెండు మాటలున్నాయి. క్యాష్‌లెస్ అడిగితే గంటలోపల జవాబు చెప్పాలి. డిశ్చార్జి రోజు ఆఖరు అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి, ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీ భరించాలి. క్లెయిము కాదనాలంటే కౌంటరు దగ్గర కూర్చున్న మనిషో, టీపీఏ వాళ్ళో చాలరు, కంపెనీలో ముగ్గురు సభ్యుల సమీక్ష కమిటీ ఆమోదం ఉండాలి, పాలసీలో ఏ షరతు కింద కాదన్నారో రాయాలి. కాబట్టి ఫోన్లో ‘రిజెక్ట్ అయింది సార్’ అంటే ఒప్పుకోకండి. ఏ షరతు, ఏ పేజీ, రాసి పంపండి అని అడగండి. క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిము పోయినట్టు కాదు, అది కూడా గుర్తుంచుకోండి. బిల్లు కట్టి తర్వాత అడిగే హక్కు అట్లాగే ఉంటుంది.

నిజం చెప్పిన వాళ్ళ పక్షాన సుప్రీంకోర్టు నిలబడింది. 2021 డిసెంబరులో మన్‌మోహన్ నందా అనే ఆయన కేసులో తీర్పు వచ్చింది. ఆయన అమెరికా పోయేముందు పాలసీ తీసుకుంటూ షుగరు ఉందని ఫారంలో రాశాడు. అక్కడ దిగాక గుండెపోటు, మూడు స్టెంట్లు. కొలెస్టరాల్ మాత్రలు వాడుతున్న సంగతి చెప్పలేదని కంపెనీ కాదంది. షుగరు ఉందని చెప్పాక, అది తెలిసే పాలసీ ఇచ్చాక, ఇప్పుడు అదే చూపించి కాదనడం కుదరదంది కోర్టు. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ నాగరత్న మన బెంగళూరులోనే లాయరుగా మొదలుపెట్టినావిడ.

అదే సుప్రీంకోర్టు 2009లో సత్వంత్ కౌర్ సంధు కేసులో రెండో వైపు చెప్పింది. 1990లో పాలసీ తీసుకున్న కొద్ది వారాలకే ఆ మనిషి కిడ్నీల జబ్బుతో ఆసుపత్రిలో చేరాడు, జబ్బు ముందే ఉంది, ఫారంలో రాయలేదు. కుటుంబం ఓడిపోయింది. ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూడండి. మొన్న ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. పాలసీకి ఏడాది ముందు బైపాస్ అయింది, ఫారంలో లేదు. కాగితాలన్నీ చూసి, అన్నా ఇది పోరాడకండి, గెలవదు అని చెప్పాం. కోపం వచ్చింది ఆయనకు. సంఘం ఉన్నది ఎందుకు అన్నాడు. గెలవని కేసు మీద రెండేళ్ళు తిప్పడం సాయం కాదు గదా.

ఆ ఫారం నింపింది ఆయన కాదు, ఏజెంటు. ఇదే మనకు పెద్ద చిక్కు. ఏజెంటు మన బంధువు. టీ తాగుతూ నింపుతాడు. షుగరు ఉందా, బీపీ ఉందా, ఆపరేషన్ అయిందా అనే గళ్ళలో అడగకుండానే ‘లేదు’ అని కొట్టుకుంటూ పోతాడు, ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుందని, కేసు పోతుందని. మనం సంతకం పెడతాం. చట్టం ముందు ఆ సంతకం మనది. పాలసీతో పాటు ప్రపోజల్ ఫారం నకలు వస్తుంది, చూడండి. పాలసీ చేతికి వచ్చాక 30 రోజులు సమయం ఉంది, నచ్చకపోతే వాపసు ఇవ్వడానికి. ఆ లోపల ఫారంలో తప్పు ఉంటే రాసి దిద్దించండి. బంధువు ఏమనుకుంటాడో అని మొహమాటపడితే, ఆసుపత్రిలో ఆ బంధువు బిల్లు కట్టడు. ఈ హాల్లో ఏజెంట్లుగా ఉన్న తమ్ముళ్ళు కూడా ఉన్నారు. మేము మీ పొట్ట కొట్టాలని చెప్పడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయండి, అదే మీకూ మంచిది.

సరే, కాదన్నారు. మన కాగితాలు బలంగా ఉన్నాయి. ఎక్కడికి పోవాలి?

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయాలి. ఇది దాటవేస్తే అంబుడ్స్‌మన్ తలుపు తెరుచుకోదు. నియంత్రణ సంస్థకు కూడా 155255 నంబరు ఉంది, బీమా భరోసా అని ఆన్‌లైన్ పోర్టలు ఉంది. నెలలోపల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఏడాది లోపల పోవాలి. కర్ణాటకకు ఆ ఆఫీసు జేపీ నగర్ మొదటి ఫేజ్‌లో, జీవన్ సౌధ భవనంలో. ఆంధ్ర, తెలంగాణ వాళ్ళకు హైదరాబాదులో. 50 లక్షల దాకా చూస్తారు. సంఘం పేరు మీద తీసుకున్న గ్రూప్ పాలసీలు కూడా చూస్తారు. ఫీజు లేదు, లాయర్లను రానివ్వరు, రోగి కానీ వారసులు కానీ నామినీ కానీ మాట్లాడాలి. తీర్పు కంపెనీ పాటించాల్సిందే, 30 రోజుల్లో. మనకు నచ్చకపోతే మనం కట్టుబడనక్కర లేదు, వేరే దారి పోవచ్చు. మాకు బాగా నచ్చిన తలుపు ఇదే. అయితే అదే తగాదా కోర్టులోనో, వినియోగదారుల కమిషన్లోనో ఉంటే వీళ్ళు ముట్టుకోరు. కనుక తొందరపడి ముందే కేసు వేయకండి.

రెండోది శాశ్వత లోక్ అదాలత్. నెలకో, మూడు నెలలకో ఒక రోజు పెట్టే లోక్ అదాలత్ వేరు, ఇది వేరు. బీమా సేవ, ఆసుపత్రి సేవ రెండూ దీని కిందికి వస్తాయి. కోటి రూపాయల దాకా. ముందు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేయిస్తారు. రాజీ కుదరకపోతే వాళ్ళే తీర్పు చెబుతారు. ఆ అధికారం వాళ్ళకు ఉందని 2022లో సుప్రీంకోర్టు మంగళూరు నుంచి పోయిన ఒక బ్యాంకు కేసులో స్పష్టంగా చెప్పింది, ఆ ధర్మాసనంలో మన తెలుగువాడైన జస్టిస్ పి.ఎస్. నరసింహ కూడా ఉన్నారు. దీని మీద అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ తప్ప. అది మంచీ, చెడూ రెండూ. త్వరగా తేలుతుంది. ఓడితే మాత్రం గట్టిగా ఓడతాం.

మూడోది జిల్లా వినియోగదారుల కమిషన్. బెంగళూరు నగరానికి శాంతినగర్ బస్టాండు దగ్గర బీఎంటీసీ భవనంలో ఉన్నాయి. రెండేళ్ళ లోపల వేయాలి. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా సరే. హిందూపురంలో ఉన్న వాళ్ళు బెంగళూరు రానక్కర లేదు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, మన పాలసీలన్నీ అందులోకే వస్తాయి. క్లెయిముతో పాటు మనోవేదనకు, ఖర్చులకు కూడా ఇక్కడ అడగొచ్చు. కానీ మూడు నెలల్లో తేల్చాలని చట్టం రాసిందే తప్ప, వాయిదాలు నడుస్తాయి. ఓపిక కావాలి. వీడియోలో హాజరు కావడానికి అనుమతి అడగొచ్చు.

లాయరు కావాలనిపిస్తే? ఇది ముఖ్యంగా అక్కలకు చెబుతున్నాం. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయం ఎంతైనా సరే ప్రభుత్వం ఉచితంగా లాయరును ఇవ్వాలి. బీపీఎల్ కార్డు అడగకూడదు. పాలసీ ఆమె పేరు మీదో, జబ్బు ఆమెదో అయితే అర్జీ ఆమె పేరుతోనే పెట్టండి. ఫ్యాక్టరీ కార్మికులకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు కూడా హక్కు ఉంది. మిగతా మగవాళ్ళకు కర్ణాటకలో ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండాలి. 15100కు ఫోన్ చేస్తే చాలు. రాష్ట్ర న్యాయ సేవల ఆఫీసు హెచ్. సిద్దయ్య రోడ్డులో న్యాయదేగుల భవనంలో ఉంది. కబ్బన్‌పేట వాళ్ళు నడిచి పోయేంత దూరం. దొడ్డబళ్ళాపురం వాళ్ళకు తాలూకా కోర్టులోనే కమిటీ ఉంటుంది. మన ఆడవాళ్ళు కోర్టు మెట్లు ఎక్కితే పరువు పోతుందనే వాళ్ళు ఇంకా ఉన్నారు. నగలు కుదువ కొట్టు మెట్లు ఎక్కినప్పుడు పోని పరువు ఇక్కడ ఎందుకు పోతుందో మాకు అర్థం కాదు.

‘పది శాతం ఇవ్వండి, క్లెయిము ఇప్పిస్తాం’ అని ఫోన్లు చేసే వాళ్ళ సంగతి. మీ ఒరిజినల్ బిల్లులు, ఓటీపీలు వాళ్ళ చేతికి ఇవ్వకండి. ఇంతకంటే చెప్పం.

ఇంకొక్క రకం తగాదా చెప్పి ఆపుతాం, ఇది పూర్తిగా కాదనడం కాదు, కోయడం. 3 లక్షల పాలసీ, గది అద్దె రోజుకు ఒక శాతం అని షరతు. అంటే 3,000. ఆసుపత్రిలో ఆ గదులు లేవు, 6,000 గది తీసుకోండి అంటారు. మనం తేడా రోజుకు 3,000 కదా, చేతి నుంచి కడదాం అనుకుంటాం. తీరా బిల్లు వస్తే డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు అన్నిట్లో సగం కోత. ఈ షరతు పాలసీలో ఉంటే కోయొచ్చు. కానీ 2020 జూన్‌లో నియంత్రణ సంస్థ దీనికి హద్దు పెట్టింది. మందులు, స్టెంట్ల లాంటి లోపల అమర్చే వస్తువులు, పరీక్షలు, వీటిలో ఆ కోత వేయకూడదు. ఐసీయూ ఛార్జీలకూ వేయకూడదు. గదిని బట్టి రేటు మార్చని ఆసుపత్రి అయితే అసలు కోతే కుదరదు. మీ సెటిల్‌మెంటు కాగితం ఇంట్లో ఉంటే ఈ రాత్రి తీసి చూడండి. స్టెంటు మీద కోత ఉందంటే ఆ డబ్బు మీదే. ఏడాది దాటకపోతే ఇప్పటికీ అడగొచ్చు.

మా కమిటీ ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి ఒంటి గంట దాకా సమాఖ్య ఆఫీసులో కూర్చుంటుంది. వచ్చేటప్పుడు పాలసీ మొదటి ఏడాది నుంచి అన్ని రెన్యూవల్ కాగితాలు, ప్రపోజల్ ఫారం, డిశ్చార్జి సమ్మరీ, కేస్ షీటు, బిల్లులు, తిరస్కరణ లేఖ, అది వచ్చిన కవరుతో సహా తీసుకురండి. కవరు మీద తేదీ ఉంటుంది, గడువు లెక్కకు అదే కావాలి. మెయిల్లో వస్తే తుడిచేయకండి. చదువు రాని వాళ్ళు మొహమాటపడకండి, మా పిల్లలు కూర్చుని చదివి చెబుతారు. అన్నీ జిరాక్సులే తీసుకురండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, మాకు కూడా.